లక్సెట్టిపేట ప్రార్థన మందిరం: గోడ పగులుకు పెట్టిన గాజుపట్టీ

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం నన్ను లక్సెట్టిపేట సెక్షన్‌కు సూపర్‌వైజర్‌గా వేశారు. మా పబ్లిక్ వర్క్స్ శాఖలో సూపర్‌వైజర్ అంటే ఇంజనీరుకు కింద, మేస్త్రీకి పైన ఉండేవాడు. ఎండ మాత్రం ముగ్గురికీ సమానమే. నాకు అప్పగించిన మొదటి పని గోదావరి దగ్గరి పల్లెలో ఒక బాప్తిస్టు ప్రార్థన మందిరం తనిఖీ. ఆదివారం ప్రార్థన, మిగతా రోజుల్లో సర్కారు బడి, రెండూ అందులోనే. బడి నడిచే కట్టడం గట్టిదని మా శాఖ రాసివ్వాలి. ప్రమాదకరం అని రాస్తే తాళం పడుతుంది, ఆ తర్వాత కూల్చివేత. ఆ సంఘానికి కూర్చోవడానికి ఊళ్ళో మరో కప్పు లేదు.

మందిరం చరిత్రను సంఘంలో పెద్దది లచ్చవ్వ చెప్పింది. గుడి తాళంచెవి ఎప్పుడూ ఆమె కొంగునే ఉండేది. "గత్తరొచ్చి పోయినంక కట్టినం బిడ్డా. నేను రాళ్లు మోసిన. గా మూల గోడ నాదే," అంది. ఆ కలరా తర్వాతి కట్టడానికి పటం గీసింది, పెంకులు పంపింది మిషనరీలు. రాయి, సున్నం, చాకిరి ఊరివాళ్ళవి. మేస్త్రీ అంతకుముందు మసీదులే కట్టినవాడు కావడంతో కిటికీల కమాన్లు అచ్చం మసీదు కమాన్లే. పటంలో గోపురం కూడా ఉందట, కానీ అక్కడిదాకా ఎవరికీ ఓపిక మిగల్లేదు. గంటకు బదులు బొగ్గుగని నుంచి తెచ్చిన రైలుపట్టా ముక్క వేలాడేది. ఆ మోత విన్నాక ఊళ్ళో నిద్రపోగలిగినవారు లేరు. పైకప్పును మాత్రం మెచ్చుకోవాలి. టేకు దూలాలతో చేసిన త్రికోణపు చట్రాలు, మా భాషలో ట్రస్సులు, ఒక్కటీ వంగలేదు.

మా అసిస్టెంట్ ఇంజనీరు గారు వేదిక ఎక్కి బూటుకాలితో గట్టిగా తట్టారు. డొల్లగా మోగింది. "పునాది కింద నేల కుంగిపోయింది! అందరూ బయటికి నడవండి!" అన్నారు. పిల్లలు ప్రాణభయం ఏమాత్రం లేకుండా, మహా సంతోషంగా బయటికి పరుగెత్తారు. పాస్టరు దేవదానం కదల్లేదు. వంగి వేదిక మీది చెక్క పలకలు ఒక్కొక్కటే ఎత్తారు. కింద మెట్లతో సహా ఖాళీ నీళ్ళతొట్టి బయటపడింది.

"బాప్తిస్మం తొట్టి సారూ. మేం మనిషిని నిండ ముంచుతం, తల మీద చల్లుడు మాకు నడువది. ఎండకాలం గోదాట్ల మోకాలు సుత మునగది. గందుకే లోపట కట్టుకున్నం."

ఇంజనీరు గారు కాసేపు తొట్టిని, ఇంకాసేపు పైకప్పును పరిశీలించారు. ఆ తర్వాత ఆయన చూపు వేదిక వెనక గోడ మీద పడింది. అక్కడ నిజంగానే ఒక పగులు ఉంది. అది పాతదై ఆగిపోయిందా, ఇంకా కదులుతోందా అన్నది తేలాలి. ఊరిది రేగడి నేల, తడిస్తే ఉబ్బుతుంది. తొట్టి కారుతుంటే గోడకు ముప్పే. దీనికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పగులుకు అటూ ఇటూ సున్నం ముద్దలు పెట్టి, వాటిలోకి సన్నని గాజుపట్టీని అడ్డంగా గుచ్చుతాం. గోడ కదిలితే గాజు విరుగుతుంది. నేను పట్టీ పెట్టాను. వచ్చే ఆదివారం బాప్తిస్మాలకు తొట్టి నింపుతారు, ఆ మర్నాడు వచ్చి చూడాలని నిర్ణయం. వెళ్తూ వెళ్తూ ఇంజనీరు గారు సంఘాన్ని ఉద్దేశించి, "ఈ గాజు విరిగిందంటే మందిరం మీద ఆశ వదులుకోండి," అని ప్రకటించారు.

లచ్చవ్వ నన్ను పక్కకు పిలిచింది. "గింత గాజు మీద పెట్టినవా బిడ్డా, మా గుడంత? జర మందంది దొరకలేదా?"

సోమవారం వెళ్ళేసరికి గోడ మీద సున్నం ముద్దలే ఉన్నాయి, గాజు లేదు. ఇంజనీరు గారి ముఖం ఎర్రబడింది. లచ్చవ్వ ఏ తొందరా లేకుండా అల్మారా తీసి, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభురాత్రి భోజనం గిన్నెల మధ్య నుంచి ఒక గుడ్డమూట తెచ్చి విప్పింది.

"చూడుండ్రి సారూ, జర సుత పలగలే. నీళ్లు నింపేటప్పుడు మంది వస్తరు, ఎవలన్న తాకిస్తరని ముందుగాలనే తీసి పెట్టిన. పానం లెక్క కాపాడిన."

పాస్టరు తల పట్టుకున్నారు. "అవ్వా, గది పలుగుతదా లేదా అని చూసేటందుకే పెట్టిండ్రు!"

"పలుగుతె గుడి పోతదన్నరు గద! మరి పలగనిస్తనా?"

సాక్ష్యాన్ని మాయం చేశారు కనుక ప్రమాదకరం అనే రాస్తానని ఇంజనీరు గారు కలం తీశారు. నేను గాజు తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాను. ఆమె దాన్ని ఎంత నెమ్మదిగా జరిపి లాగిందో, గట్టిపడ్డ ముద్దల్లో గాజు దిగిన గాడులు చెక్కు చెదరకుండా ఉన్నాయి. తొట్టి నిండా నీళ్ళున్నప్పుడు గోడ వెంట్రుకంత కదిలినా రెండు గాడులు ఇప్పుడు ఒక వరుసలో ఉండవు. గాజును ఒక గాడిలో పెట్టి తోశాను. బిగువు లేకుండా, సందు లేకుండా రెండోదాంట్లోకి దిగింది.

ఇంజనీరు గారు స్వయంగా బయటికి లాగి మళ్ళీ దూర్చి చూశారు. దిగింది. పగులు పాతదే, గోడ నిలకడగా ఉంది, బడికీ ప్రార్థనకూ యోగ్యం అని రాసి సంతకం పెట్టారు.

"ఇగ గది నాకిస్తరా?" అని లచ్చవ్వ గాజు కోసం చెయ్యి చాపింది. ప్రభుత్వ సామాను కనుక కుదరదన్నాను.

ఆ తర్వాత సర్వీసంతా ఎన్నో పగుళ్ళకు గాజుపట్టీలు పెట్టించాను. ప్రతిచోటా అక్కడివాళ్ళను పిలిచి, ఇది విరిగినా తప్పు మీది కాదు, విరిగితే విరగనివ్వండి అని ముందే చెప్పించేవాణ్ణి. తనిఖీకి వచ్చినవాడి చేతిలో తమ గూడు ఉందని భయపడ్డవాళ్ళు పరీక్షను పరీక్షగా సాగనివ్వరు. ఆ భయం తీర్చడం కూడా కొలతల్లో భాగమే.