మెతుకు ముట్టని ఉపవాసం

కరోనా జోరు తగ్గిన మరుసటి ఏడు, వేసవి మొదలవుతుండగా, విజయనగరంలో నేను పనిచేసే ఆసుపత్రిలో నన్ను వార్డు నుంచి తప్పించి పరిశోధన విభాగానికి వేశారు. హెడ్ నర్సు హోదా అలాగే ఉంచి, దాని మీద స్టడీ కోఆర్డినేటరు అనే పేరు తగిలించారు. విభాగం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. మెట్ల కింద ఒక గది, రెండు బల్లలు, ఒక మందుల బీరువా. బీరువా తాళం నా దగ్గర ఉండేది. ఉద్యోగంలో ఆఖరి రోజులు ఆ గదిలో గడిపే భాగ్యం కలిగినందుకు ఇప్పటికీ పొద్దున దీపం పెట్టేటప్పుడు స్వామికి ఒక దండం అదనంగా పెట్టుకుంటాను.

మా నాన్నగారు గుడిలో అర్చకులు. నన్ను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించి, పదో తరగతీ ఇంటరూ ప్రైవేటుగా కట్టించి, తరవాత నర్సింగులో చేర్పించారు. అందుకని డిగ్రీల మీద డిగ్రీలున్న వాళ్ళ మధ్య పరిశోధన అనే మాట వింటే మొదట్లో నాకు కొంచెం బెరుకుగానే ఉండేది. తీరా చేరాక చూస్తే అందులో సగం పని వార్డులో చేసిందే. రోగిని పలకరించడం, చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం. మిగతా సగం, ఆ రాసినదాన్ని మరో నలుగురికి చూపించడం.

మేం చేస్తున్నది షుగరు రోగుల మీద అధ్యయనం. కొత్త మందేమీ కాదు. ఎప్పటినుంచో వాడుతున్న మాత్రలనే ఏ లెక్కన పెంచుకుంటూ పోతే షుగరు అదుపులోకి వస్తుంది, అదే సమయంలో మరీ పడిపోకుండా ఉంటుంది అన్నది ప్రశ్న. షుగరు పెరిగితే ఏళ్ళ మీద నష్టం చేస్తుంది. పడిపోతే గంటలో మనిషినే పడేస్తుంది. అందుకని మోతాదు పెంచడానికి ఒక నియమం పెట్టారు. పొద్దున్నే ఏమీ తినకముందు రక్తం తీయాలి. వరసగా రెండు విజిట్లలో ఆ షుగరు గీత దాటితే మాత్ర ఒక మెట్టు పెంచాలి. విజిట్ అంటే రోగి మా దగ్గరికి రావలసిన నిర్ణీత దినం. ముందు రోజు నేను ఫోన్ చేసి, రోగుల కోసం పెద్ద నగరంలోని అధ్యయన కార్యాలయం నుంచి అచ్చయి వచ్చిన కాగితంలో ఉన్న వాక్యాన్నే చదవాలి: ‘రేపు ఉపవాసంతో రావలెను.’ సొంత మాటలు కలపకూడదు. ఒక్కొక్కరికి ఒక్కోలా చెబితే ఫలితం చెడుతుందని అలా కట్టడి చేస్తారు.

పైడమ్మది శృంగవరపుకోట దగ్గర పల్లె. భర్త అప్పలస్వామి. వరి కొంచెం, నువ్వులు కొంచెం వేసుకుంటారు. ఇద్దరూ కలిసే వచ్చేవారు, కలిసే దెబ్బలాడుకునేవారు. మా అధ్యయనంలో ఆమె అంత నిక్కచ్చి మనిషి లేదు. మాత్ర మరిచిపోయేది కాదు, ఖాళీ రేకులు రబ్బరు బ్యాండు వేసి తెచ్చి అప్పజెప్పేది. అయినా విజిట్ రోజున ఆమె షుగరు గీత దాటేది. నియమం ప్రకారం ఒకసారి మోతాదు పెంచాం. ఆ తరవాత వచ్చినప్పుడు నువ్వుచేలో చెమటలు పట్టి, కళ్ళు బైర్లు కమ్మి కూలబడ్డానని చెప్పింది. దాన్ని రాసుకున్నాం. ఎండదెబ్బ కావచ్చునని డాక్టరు గారు అన్నారు, ఎండలు అలాగే ఉన్నాయి మరి. కాకపోతే ఆమె మూడు నెలల సగటు షుగరు పరీక్ష చక్కగా వచ్చింది. సగటు బాగుండి, పొద్దుటి షుగరు ఎక్కువుండటం ఆయనకు మింగుడు పడలేదు. ల్యాబు వాళ్ళ మీద అనుమానపడితే, వాళ్ళు మిషను సరిచూసి చూపించారు.

ఆ పొద్దున ఎప్పటిలాగే రక్తం తీసేముందు ఏమీ తినలేదు కదా అని అడిగాను. “ఉపాసవేనమ్మా, మెతుకు ముట్టనేదు” అంది పైడమ్మ. నేను రాసుకున్నాను. షుగరు మళ్ళీ గీత దాటింది. వరసగా రెండోసారి. డాక్టరు గారు ఇంకో మెట్టు పెంచమని సంతకం పెట్టారు. నేను బీరువా తీసి కొత్త మాత్రల డబ్బా చేతిలోకి తీసుకుంటున్నాను. గది బయట బెంచీ మీద తగవు మొదలైంది.

“ఒసే, ఆకలి దంచేస్తన్నాది. రా, టిపిను సేసి పోదాం” అన్నాడు అప్పలస్వామి.

“నాకొద్దు మావా. పొద్దున్న కోట బస్టాండులో తిన్న ఇడ్లీలే అరగనేదు.”

“నువ్వు తిన్నావు. నన్ను తిననిచ్చినావేటి? బస్సెల్లిపోతాదని సెయ్యట్టుకుని లాక్కొచ్చినావు.”

“ఉపాసం నాకా, నీకా? నీకు ఉపాసం నేదు కదా, ఇంటికెల్లి అన్నం తిందువు గాని.”

డబ్బా చేత్తోనే బయటికి వచ్చాను. ఇందాక ఏమీ తినలేదన్నారు కదా పైడమ్మా అని అడిగితే, ఆమె నన్ను వింతగా చూసింది.

“మెతుకు ముట్టనేదన్నాను. ఇడ్లీలో మెతుకెక్కడుంటాది సిస్టరమ్మా? ఉత్త రవ్వ. మీరు శెనివారం సెయ్యరేటి?”

చేస్తానన్నాను. ప్రతి శనివారం స్వామికి ఉపవాసం.

“మరాపూట ఏటి తింటారు?”

ఉప్పుడు పిండి, అంటే బియ్యపు రవ్వ ఉప్మా, అని చెప్పక తప్పలేదు.

“అదేటి మరి. మీరు తింటే ఉపాసం, నాను తింటే తప్పా?”

అప్పలస్వామి అయితే ఎప్పటినుంచో ఎదురుచూసిన తీర్పు దొరికినట్టు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. కానీ చేతిలో డబ్బా ఉంది. అది ఆమె సంచీలో పడి ఉంటే, ఇడ్లీ తిననప్పుడు కూడా ఆ మాత్ర దాని పని అది చేసుకుపోతుంది. చేలో కూలబడింది ఎండకు కాదని అప్పటికి నాకు దాదాపు తెలిసిపోయింది.

డాక్టరు గారికి చెప్పాను. ఆయన సంతకం కొట్టివేసి, పక్కన కారణం రాసి, డబ్బా తిరిగి బీరువాలో పెట్టించారు. ఒప్పుకున్న పద్ధతి తప్పితే దాన్ని ప్రోటోకాల్ డీవియేషన్ అంటారు. దాచకుండా పైకి తెలియజేయాలి. అంతకంటే ముందు నిజమైన రక్తం కావాలి. రాత్రికి ఆసుపత్రిలో ఉండిపొమ్మన్నారు. గేదెకు పాలెవరు పితుకుతారన్నది పైడమ్మ ప్రశ్న. నేనున్నాను కదా అన్నాడు భర్త. “నువ్వు దగ్గరికెల్తే అది తంతాది” అంది. అయినా చివరికి ఉండటానికి ఒప్పుకుంది.

మర్నాడు పొద్దున వార్డుకి వెళ్ళేసరికి వరండాలో టీ అమ్మే అతను తిరుగుతున్నాడు. టీ తాగడం తినడం కాదు కదా అని ఆమె బేరం పెట్టింది. కాదన్నాను. “ఇది ఉపాసం కాదమ్మా, శిచ్చ” అంది. అప్పుడు నా నోట మా అమ్మ మాట పలికింది. “పరగడుపున ఉండాలి పైడమ్మా” అన్నాను.

“ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదా” అందామె. “మా అత్త కాకరకాయ రసం రోజూ పరగడుపునే తాగించీది. దాని ముందు మంచినీల్లు తప్ప పచ్చిగంగ ముట్టనిచ్చీది కాదు.”

మంచినీళ్ళకూ పచ్చిగంగకూ తేడా ఏమిటో నేను అడగలేదు. రక్తం తీయించాను. షుగరు గీత దాటలేదు సరికదా, ఇంకొంచెం దిగితే ప్రమాదం అనే చోట ఉంది. డాక్టరు గారు ఆ కాగితాన్ని నిన్నటి కాగితం పక్కన పెట్టి చూశారు. తరవాత ఒక మెట్టు తగ్గించమని రాశారు. నిన్న పెంచబోయి నేడు తగ్గించాం. ఆ అమ్మకు ఏమీ కాకుండా చూసినందుకు లోపల్లోపల అప్పన్న స్వామికి మొక్కుకున్నాను.

మిగతా రోగులకు ఫోన్లు చేశాను. ఒకాయన ప్రతి విజిట్‌కీ అరటిపళ్ళు మాత్రమే తిని వచ్చాడు, ఫలహారానికి దోషం లేదు కనక. ఒకావిడ ఉప్మా. నిజంగా ఏమీ తినకుండా వచ్చినవాళ్ళూ ఉన్నారు. కఠిన ఉపవాసాల అలవాటున్నవాళ్ళు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మేం వాడిన మాటకు వాళ్ళ ఇళ్ళల్లో ఉన్న అర్థాన్నే పాటించారు. అందరినీ పిలిపించి మళ్ళీ రక్తం తీశాం.

ఇక ఆ మాట మార్చాలి. రోగి చేతికి వెళ్ళే కాగితంలో ఒక్క మాట మారినా ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. రోగుల క్షేమం చూడటానికి ఆసుపత్రి పనితో సంబంధం లేనివాళ్ళను కూడా కలిపి వేసే సంఘం అది. అధ్యక్షులు ఒక విశ్రాంత న్యాయమూర్తి. సమావేశం శనివారం పెట్టారు. ‘ఉపవాసం’ బదులు ‘పరగడుపు’ అని రాసి, మంచినీళ్ళు తప్ప ఏదీ నోట్లో వేసుకోకూడదని కలపాలని డాక్టరు గారు కోరారు. ఉపవాసం అంటే నిరాహారం కాదా, అందులో అస్పష్టత ఏముందని అధ్యక్షులు అడిగారు. ఆయన ముందు పెసరట్టు ఉప్మా పళ్ళెం ఉంది. సమావేశం అయ్యాక భోజనం ఏర్పాటు చేయమంటారా అని ఒక సభ్యురాలు వినయంగా అడిగింది. వద్దమ్మా, శనివారం ఉపవాసం అన్నారాయన. అన్నాక ఒకసారి పళ్ళెం వైపు చూసుకున్నారు. మాకు అనుమతి ఇక చర్చ లేకుండా వచ్చింది.

పైడమ్మ అధ్యయనం ముగిసేదాకా వస్తూనే ఉంది. తగ్గించిన మాత్రతోనే షుగరు నిలకడగా ఉంది. మళ్ళీ చేలో కూలబడలేదు. ఏమీ తినలేదు కదా అని రోగిని అడిగితే, తినలేదనే జవాబు వస్తుంది; మర్యాదస్తులు అంతకంటే మరోమాట చెప్పరు. అందుకని పొద్దున లేచింది మొదలు నోట్లో ఏమేం పడ్డాయో వరసగా చెప్పమని అడగడం నేర్చుకున్నాను. జవాబులు పొడుగ్గా వచ్చేవి. తొందరపడకుండా అన్నీ రాసుకునేదాన్ని.