శనివారం నాటి పొగ

మా అమ్మ వియోలాంత పోర్చుగల్ కొండల్లో, చెప్పులు కుట్టే దువార్తె ఇంట పుట్టింది. వీధిలో వాళ్ళు క్రైస్తవులు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవారు, అందరితోపాటు మోకరిల్లేవారు. ఇంట్లో మాత్రం యూదులు. వాళ్ళ పెద్దల కాలంలో రాజు యూదులందరినీ చర్చిలోకి తోలించి, తలమీద నీళ్ళు పోయించి, పేర్లు మార్పించాడు. ఆ తర్వాత ఎవరైనా పాత పద్ధతిలో దేవుణ్ణి తలుచుకున్నారని తెలిస్తే చాలు, చర్చి విచారణాధికారులు వచ్చి పట్టుకుపోయేవారు. అలా పోయినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ.

ఎక్కడ నోరు జారుతుందోనని అమ్మకు తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఈ సంగతి చెప్పలేదు. ఒకరోజు వాళ్ళ అవ్వ బ్రితెష్ చిక్కుడు గింజలు ఒలుస్తూ పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పింది.

"ఇవాళ్టినుంచి నీకు రెండు నోళ్ళే వియోలా. ఒకటి ఇంట్లోకి, ఒకటి వీధిలోకి. తారుమారు చేశావో, అందరం పోతాం."

ఆ రోజునుంచి అమ్మకు అన్నిటికీ భయమే. చర్చి గంట మోగితే తలుపు చాటుకు పరుగెత్తేది. ఎవరు నవ్వుతూ పలకరించినా ఏదో కూపీ లాగుతున్నారనిపించేది. యూదులు పంది మాంసం తినరు. వంటింట్లో అందరికీ కనపడేలా వేలాడే సాసేజీలు అందరూ అనుకున్నట్టు పంది మాంసంవి కావనీ, వాటిలో కోడి మాంసం, రొట్టె కూరారనీ ఇప్పుడు ఆమెకు తెలుసు. వీధిలో కుక్క వాటివైపు చూసినా ఉలిక్కిపడేది.

పక్కింట్లో గొన్సాల్వా అని ఒకావిడ ఉండేది. చెడ్డదని చెప్పలేను. మా పిన్ని ఇనేస్ పుట్టినప్పుడు మంత్రసాని వచ్చేదాకా మా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆవిడే. కానీ ఆవిడ కళ్ళు ఊరుకునేవి కావు.

ఒక చలికాలపు శనివారం పొద్దున ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. యూదుల నియమం ప్రకారం శనివారం పొయ్యి ముట్టించకూడదు కాబట్టి ఇల్లంతా గడ్డకట్టుకుపోయి ఉంది.

"ఏమే వియోలా, ఇంత చలిలో మీ కప్పు మీద పొగే లేదేం? పోయిన శనివారమూ లేదు. ఏమిటి విశేషం?"

అమ్మ చల్లారిన పొయ్యివైపు చూసింది. "నిప్పు ఆరిపోయింది పిన్నీ" అంది ఎలాగో.

"అయ్యో, ముందే చెప్పొద్దూ! ఉండు."

ఆవిడ పరుగున వెళ్ళి మట్టిపాత్రలో కణకణలాడే నిప్పులు తెచ్చింది. ఇచ్చి వెళ్ళలేదు. చేతులు కట్టుకుని నిలబడింది. అమ్మమ్మ ఫిలిపా వంగి పుల్లలు పేర్చి, ఊదింది. అవ్వ మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది, నిద్రపోతున్నట్టు.

మంట లేచాకే గొన్సాల్వా కదిలింది. "హమ్మయ్య, ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంది" అని వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే పెద్ద ఊరినుంచి విచారణాధికారులు దిగారు. బట్టలకు రంగులద్దే ఆయన్ని పట్టపగలు, చేతులకు నీలిరంగు కారుతుండగానే లాక్కెళ్ళారు. ఆయన ఎవరి పేర్లు చెబుతాడోనని సగం ఊరు ఊపిరి బిగబట్టింది. తాతయ్య దువార్తె పని ఆపేసి తలుపు మూశాడు.

"వెళ్ళిపోదాం. ఇనేస్‌కి జ్వరం తగ్గిందని మొక్కు తీర్చుకోవడానికి సముద్రం ఒడ్డున మాత చర్చికి పోతున్నామని చెబుదాం. రేవులో ఉప్పు తీసుకెళ్ళే ఓడలుంటాయి, వాటిలో దేశం దాటేద్దాం" అన్నాడు.

"ఇల్లంతా ఖాళీ చేసి మొక్కుకి పోతామంటే ఎవరు నమ్ముతారురా? రెండోరోజే గుర్రాలు మీ వెంటపడతాయి. నేనుంటా" అంది అవ్వ.

"అమ్మా, నిన్నొదిలి..."

"నోర్ముయ్. ఈ మోకాళ్ళతో నేను ఓడెక్కితే ఓడే మునుగుతుంది. ఇంట్లో మనిషుంటే, పొయ్యిలోంచి పొగ లేస్తుంటే మీరు తిరిగొస్తారని ఊరు నమ్ముతుంది. రోజూ ముట్టిస్తా. శనివారం కూడా."

పుట్టి బుద్ధెరిగాక అవ్వ శనివారం నిప్పు ముట్టుకున్న మనిషి కాదు. అమ్మ వెళ్ళి ఆమె ఒళ్ళో తల పెట్టింది.

"దేవుడికి కోపం రాదా అవ్వా?"

"వస్తే నామీదేగా వచ్చేది! మేమిద్దరం ముసలివాళ్ళం. ఏదో మాట్లాడుకుంటాంలే. నువ్వు చెల్లెలి చెయ్యి వదలకు, అంతే."

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. గొన్సాల్వా వాకిట్లోనే ఉంది. మూటలవైపు చూసింది, అమ్మమ్మ ముఖంవైపు చూసింది.

"అత్తగారిని ఒక్కదాన్నే ఒదిలేసి పోతున్నావా ఫిలిపా?"

లోపల్నుంచి అవ్వే అరిచింది. "పోనీవే! నెల్లాళ్ళు ఈ గోల లేకుండా హాయిగా పడుకుంటా. నువ్వొచ్చి నా బుర్ర తినకుండా ఉంటే చాలు."

గొన్సాల్వా నవ్వింది. "నా పేరున కూడా ఒక కొవ్వొత్తి వెలిగించండి" అంది. అమ్మ వెనక్కి తిరిగి చూడాలనుకుంది. తాతయ్య భుజం గట్టిగా నొక్కాడు. చూడలేదు.

దారిలో పెద్ద నది. పడవ ఎక్కేచోట కాపలావాడు ఒకడు అందరినీ ఆపి అడుగుతున్నాడు. పారిపోయే యూదుల్ని పట్టించడమే వాడి పని. తాతయ్య మొక్కు సంగతి చెప్పాడు. వాడు విన్నాడో లేదో, గొంతుక్కూర్చుని నాలుగేళ్ళ ఇనేస్ గడ్డం పట్టుకున్నాడు.

"ఏం పాపా, మీ ఇంట్లో కొవ్వొత్తులు వెలిగిస్తారా?"

"ఊఁ. అవ్వ వెలిగిస్తుంది. కుండలో పెట్టి దాచేస్తుంది" అంది ఇనేస్ ముద్దుగా.

అమ్మమ్మ ఇనేస్‌ని తనవైపు లాక్కుంది. శుక్రవారం సాయంత్రం వెలిగించే దీపం వీధికి కనపడకుండా కుండలో పెట్టడం యూదుల ఇళ్ళలోనే ఉంటుందని కాపలావాళ్ళకు బాగా తెలుసు. వాడు మెల్లగా తలెత్తాడు.

"కుండలోనా? ఎందుకూ?"

అడిగింది తాతయ్యని. జవాబిచ్చింది అమ్మ. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించిందట.

"ఎలుకలండీ! కొవ్వొత్తి బయటుంటే ఒక్క పూటలో తినేస్తాయి. మొన్న నాన్న కుట్టిన చెప్పులు కూడా కొరికేశాయి. మా వీధంతా ఎలుకలే. అవ్వ చీపురు పట్టుకుని తరుముతుంటే పక్కింటి పిన్ని నవ్వుతుంది..."

ఆపితే ప్రాణం పోతుందన్నట్టు వాగుతూనే ఉంది. వాడు కాసేపు ఆమె కళ్ళలోకి చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"మా అత్తగారింట్లోనూ ఇదే గోల. ఏం ఎలుకలు తల్లీ అవి, పిల్లులంతేసి! పదండి, పదండి, పడవెక్కండి."

పడవ నది మధ్యకు వచ్చాక చూసుకుంటే అమ్మ పావడా తడిసిపోయి ఉంది. భయంతో ఎప్పుడు తడిపేసుకుందో ఆమెకే తెలియలేదు. తాతయ్య ఏమీ అనకుండా తన అంగీ తీసి ఆమె చుట్టూ కప్పాడు.

ఉప్పు ఓడలో ఉత్తర దేశాలకు, అక్కణ్ణుంచి బళ్ళమీద, మళ్ళీ ఓడలమీద తిరిగి తిరిగి, తురుష్క సుల్తాను ఏలుతున్న ఈ సలోనికాకు చేరారు. ఇక్కడ యూదులు యూదులుగానే బతకొచ్చు. అమ్మ ఇక్కడే పెరిగి, ఉన్ని నేసే మా నాన్నను పెళ్ళాడింది. నలుగురు పిల్లల్ని కన్నది.

నేను పుట్టిన ఏడాది వాళ్ళ పాత ఊరినుంచి ఒక వడ్రంగి తప్పించుకుని వచ్చాడు. అవ్వ సంగతి అప్పుడు తెలిసింది. వీళ్ళు వచ్చేసిన చలికాలం చివర్లో తన మంచంమీదే, తన దుప్పటికిందే పోయిందట. అధికారులు గొన్సాల్వాని పిలిచి గుచ్చిగుచ్చి అడిగారట. 'ఆ ఇంట్లో శనివారం పొగ లేవడం నా కళ్ళతో చూశాను, వాళ్ళు తిరిగొస్తారు' అని ఆవిడ ప్రమాణం చేసి చెప్పిందట.

"నిజంగా నమ్మే చెప్పిందా? లేక తెలిసే..." అంది అమ్మ.

"ఏమోనమ్మా. చివరి రోజుల్లో ముసలావిడకి గంజి పోసింది మాత్రం ఆవిడే. లేవలేకపోతే తనే వచ్చి పొయ్యి ముట్టించేది."

అమ్మ ఆ రోజంతా ఏడ్చింది. అవ్వను శిలువ కింద పూడ్చారని ఒకసారి, గొన్సాల్వాకు మంచి మాట ఒక్కటీ చెప్పకుండా వచ్చేశానని ఒకసారి.

భయం అమ్మను పూర్తిగా వదల్లేదు. ప్రార్థన మందిరంలో పక్కవాళ్ళు గొంతెత్తి పాడుతుంటే ఈవిడ పెదవులు మాత్రమే కదిలేవి. ఎవరైనా గట్టిగా దగ్గితే గుమ్మం తెరవెనక్కి నక్కేది. కానీ పడమటినుంచి ఓడ వచ్చిందని తెలిస్తే మాత్రం తమలా పారిపోయి వచ్చేవాళ్ళకోసం కూర కుండ నెత్తిన పెట్టుకుని రేవుకు వెళ్ళేది. అడ్డం వచ్చిన సుంకంవాళ్ళతో, హమాలీలతో జగడమాడేది. ఒకసారి నేనూ వెంటవెళ్ళాను. ఓడ దిగిన ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మ పావడా వదలడం లేదు. ఎవరేం అడిగినా పలకడం లేదు. అమ్మ ఆ పిల్లను ఏమీ అడగలేదు. పక్కన నేలమీద చతికిలబడి, గిన్నెలో కూర పోసి, రొట్టె తుంచి మధ్యలో పెట్టింది. తనూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. చాలాసేపయ్యాక ఆ పిల్ల చెయ్యి చాపింది.