డబ్బా కొలిచిన పాఠం

మొయినాబాద్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నేను పదమూడేళ్లు లైబ్రేరియన్‌గా పనిచేశాను. ఒక ఏడాది జర్నళ్లకూ ఈ-బుక్స్‌కూ చందా కట్టడం మేనేజ్‌మెంటు మానేసింది. ప్రిన్సిపాల్ పిలిచి, "నెట్‌లో ఉచితంగా దొరికేవి బోలెడు ఉన్నాయి కదండీ, అన్నీ ఏరి ఒక పేజీలో పెట్టండి" అన్నారు. పేజీ ఎలా తయారుచెయ్యాలో నాకు తెలియదు. వీడియోలు చూసి నేర్చుకున్నాను.

ఇంగ్లిష్‌లో వెతికినకొద్దీ దొరికాయి. తెలుగు మీడియంలో చదివి డిప్లొమా ద్వారా మా దగ్గరికి వచ్చే పిల్లలకు మాత్రం లెక్కల్లో పునాది చెప్పే పాఠాలు పెద్దగా కనిపించలేదు. నా డిగ్రీ లెక్కలే కాబట్టి నేనే రాద్దామనుకున్నాను. ఒక వేసవిలో నలభై చిన్న పాఠాలు రాశాను. ఒక్కో పాఠం కింద, "ఎవరైనా చదవవచ్చు, దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, నన్ను అడగనక్కర లేదు" అని పెట్టాను. లైబ్రరీ సైన్సు చదివేటప్పుడు ఈ మాటలు పరీక్ష కోసం నేర్చుకున్నవే. సొంతంగా రాసినదాని కింద పెట్టడం అదే మొదలు.

మా విద్యార్థులు ఆ పేజీ వైపు అంతగా రాలేదు. ఏ పాఠం ఎన్నిసార్లు తెరిచారో నాకు కనిపించేది. చాలావాటికి సున్నాలే. లెక్కల పాఠాలు మాత్రం సోమవారం నుంచి శుక్రవారం దాకా, మధ్యాహ్నం పూట, ఒకటీ రెండు తెరుచుకునేవి. శనాదివారాల్లో ఏమీ ఉండేది కాదు. మా పిల్లల్లో ఎవరో క్లాసు ఎగ్గొట్టి చదువుకుంటున్నారనుకుని ఊరుకున్నాను.

కొన్ని నెలల తరవాత కాలేజీకి హాజరు, మార్కులు, ఫీజులు అన్నీ చూసుకునే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. వెబ్‌సైటు మొత్తం దానిలోకి మార్చారు. నా పేజీ కూడా అందులోకి వెళ్లిపోయింది. ఇక తెరవాలంటే రోల్ నంబరు, పాస్‌వర్డ్ కావాలి. నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. తెలిశాక నేనూ అభ్యంతరం పెట్టలేదు.

ఆ వారం తిరక్కముందే ఒక మంగళవారం గేటు నుంచి వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

"మేడం, ఎవరో ఆమె వచ్చింది. లెక్కల వెబ్‌సైటు బందయిందట. రాసినోళ్లను కలుస్తదట. పొమ్మంటే పోతలేదు."

వెళ్లి చూశాను. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. చేతిలో గుడ్డ సంచీ. అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో వంట చేస్తుందట. భర్త అక్కడే తోటపని. పుట్టిల్లు చేవెళ్ల పక్కన ఒక ఊరు. తొమ్మిదితో చదువు ఆగిపోయింది. ఇప్పుడు ఓపెన్ స్కూల్లో టెన్త్‌కు కట్టింది.

"చందనవెల్లి కంపెనీలల్ల టెన్త్ మెమో లేకుంటే లోపటికే రానిస్తలేరు మేడం," అంది. "క్లాసులేమో ఆదివారం చేవెళ్లల పెడుతరు. మాకు ఆదివారమే గెస్టులొస్తరు. శనివారం నుంచే పొయ్యి కాడికెళ్లి కదలనియ్యరు. నేను చర్చికి పోకనే ఏడాదైంది, ఇగ క్లాసుకేం పోత? మీ పాఠాలే చూసుకుంట చదువుతున్న. నాలుగు రోజులాయె, పాస్‌వర్డ్ అడుగుతున్నది."

నాకు నెలల తరబడి కనిపించిన ఆ ఒకటీ రెండు ఎవరివో అప్పుడు తెలిసింది. లైబ్రరీలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. ఏ పాఠం దగ్గర ఆగిపోయారని అడిగాను. ఆమె సంచీలోంచి నోటుబుక్కు, దాని వెనక ఒక స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"గీ లెక్క కాడ. డబ్బా అడుగు వ్యాసం పద్నాలుగు సెంటీమీటర్లు, ఎత్తు పది, ఎన్ని నీళ్లు పడతయి అని ఇచ్చిండ్రు. మీ జవాబు ఆరువేల నూట అరవై. నేను ఎన్నిసార్లు చేసినా పదిహేను వందల నలభయ్యే వస్తున్నది. మూడు దినాలు చేసిన మేడం. నాకే వస్తలేదనుకున్న. చిన్నప్పటి నుంచి లెక్కలల్ల మొద్దునే గదా అని ఏడుపొచ్చింది."

"తరవాత?"

"తర్వాత వంటింట్ల వెతికితే గీ డబ్బా దొరికింది. టేపు పెట్టి చూసిన, అదే కొలత, జర అటిటు. లీటరు బాటిల్ తోని నీళ్లు పోసిన. ఒకటిన్నర బాటిల్‌కే నిండింది. వెయ్యి ఘనపు సెంటీమీటర్లు ఒక లీటరని మీరే రాసిండ్రు. మీ లెక్కన ఆరు లీటర్లు పట్టాలె. ఆరు లీటర్లు దీంట్ల ఎట్ల పడతయి? రోజూ వండేదాన్ని, నాకు తెలువదా?"

నోటుబుక్కులో ఆమె ఎక్కించుకున్న నా లెక్క చూశాను. వ్యాసార్థం వెయ్యాల్సిన చోట నేను వ్యాసం వేశాను. పద్నాలుగును సగం చెయ్యలేదు. తప్పు నాదని చెప్పాను. ఆమె నమ్మనట్టుగా చూసి, "నిజంగనా?" అంది. రెండోసారి చెప్పాక నవ్వింది. నేను నవ్వలేకపోయాను. తరగతి గదిలో అయితే ఆ తప్పును ఎవరో ఒకరు అప్పుడే పట్టుకునేవారు. ఇక్కడ ఆమె పక్కన ఎవరూ లేరు. మూడు రోజులు ఆమె నా తప్పును తన మొద్దుతనం అనుకుంది.

ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. పాఠాలకు పాస్‌వర్డ్ తీసెయ్యమని అడిగాను.

"బయటివాళ్ల కోసమా? మనకేం లాభమండీ?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు. పాఠాలు నేను రాసినవి, ఎవరైనా తీసుకోవచ్చని నేనే రాశాను కాబట్టి నేనూ తీసుకుంటానని చెప్పాను. ఆయన, "కాలేజీ పేరు ఉండకూడదు మరి" అన్నారు. సరేనన్నాను.

ఉచితంగా చోటిచ్చే ఒక సైటులోకి నలభై పాఠాలూ మార్చడానికి పది రోజులు పట్టింది. ఈసారి ప్రతి లెక్కా మళ్లీ చేశాను. ఇంకో రెండు తప్పులు బయటపడ్డాయి. ఆమె ఫోన్‌లో డేటా తొందరగా అయిపోకుండా బొమ్మలు చిన్నవి చేశాను. మార్చిన ప్రతి పాఠాన్నీ ముందు ఆమెకే పంపేదాన్ని. అర్థం కాకపోతే వాయిస్ మెసేజ్ పెట్టేది. వెనక కుక్కర్ విజిళ్లు వినిపించేవి.

ఒకసారి ఇలా పంపింది: "మేడం, మీరు ముందుగాల గా పెద్ద పెద్ద పేర్లు చెప్పి, తర్వాత లెక్క చెప్తరు. పేరు చూడంగనే భయమైతది. ముందు లెక్క చెప్పుండ్రి. వచ్చినంక దాని పేరు గిది అని చెప్పుండ్రి."

బోధన గురించి నాకు అంత పనికొచ్చే మాట మరెవరూ చెప్పలేదు. నలభై పాఠాలనూ ఆ వరసలోకి తిప్పి రాశాను. ఈలోగా వేరే జిల్లాలో ఒక టీచరు నా పాత పాఠాలను తన బ్లాగులో పెట్టుకున్నట్టు కనిపించింది. తప్పులు కూడా అలాగే ఉన్నాయి. దిద్దుకోమని ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఎవరైనా తీసుకోవచ్చు అనడంలో ఇదీ ఒక భాగమని అప్పటిదాకా ఆలోచించలేదు.

పరీక్షలు చేవెళ్లలో జరిగాయి. లెక్కల పరీక్ష రోజు మధ్యాహ్నం ఫోన్ చేసి, "అన్నీ రాసిన మేడం" అని మాత్రం చెప్పింది. సైన్సు పరీక్షకు వెళ్లలేకపోయింది. ఆ రోజు ఫామ్‌హౌస్ యజమాని ఇంట్లో పుట్టినరోజు, ఎనభై మందికి వంట. సెలవు అడిగితే, "ఈ వయసులో నీకు పరీక్షలేంది?" అన్నారట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. నాకే చాలాసేపు మనసు మనసులో లేదు.

ఫలితాలు వచ్చాయి. మిగిలినవన్నీ పాసయింది. లెక్కల్లో మార్కులు నేను అనుకున్నదానికంటే ఎక్కువే. సైన్సు తరవాతి విడతలో రాసింది. ఈసారి ముందు రోజే చేవెళ్లలో అక్క ఇంటికి వెళ్లి, పరీక్ష రాశాకే తిరిగొచ్చింది. పని పోయినా పరవాలేదని వెళ్లిందట. పని పోలేదు. మెమో చేతికొచ్చాక ఆమే మానేసింది.

తరవాత మా మధ్య మెసేజ్‌లు తగ్గాయి. సహజమే. ఆమె వెళ్లిపోయాక లెక్కల పేజీ చాలా రోజులు మధ్యాహ్నాలు ఖాళీగా ఉంది. తరవాత వేరే ఎవరెవరో వేరే వేళల్లో రావడం మొదలుపెట్టారు. వాళ్లెవరో నాకు తెలియదు. అడిగే వీలూ పెట్టలేదు. పాఠం కింద "తప్పు కనిపిస్తే చెప్పండి" అని ఒక నంబరు మాత్రం పెట్టాను.

మొన్న ఉదయం మొయినాబాద్‌లో మెహదీపట్నం బస్సు కోసం నిలబడి ఉంటే, రోడ్డుకు అవతలి వైపు ఆమె కనిపించింది. మెడలో కంపెనీ కార్డు. చందనవెల్లి బస్సు కోసం ఎదురుచూస్తోంది. నన్ను చూసి రోడ్డు దాటి వచ్చింది.

"ఎట్లున్నరు మేడం? ప్యాకింగ్‌ల చేస్తున్న. ఆదివారం సెలవిస్తరు," అంది. నేను మాట్లాడేలోపే, "మా సూపర్‌వైజర్ అన్నీ ఇంగ్లిష్‌లనే మెయిల్ పెడుతడు. ఇంగ్లిష్ పాఠాలేమన్న ఉన్నయా మీ దాంట్ల?" అని అడిగింది.

నా దాంట్లో లేవని, ఇంకొకరు రాసినవి ఉన్నాయని, పంపిస్తానని చెప్పాను.

"మంచిగుంటయా?"

"చదివి మీరే చెప్పాలి," అన్నాను. ఆమె బస్సు వచ్చింది. చెయ్యి ఊపి పరుగెత్తింది.