బొత్తాం గురగుర

దర్జీ తాత తన గొప్పలు మొదలుపెడితే కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూర్చోవడానికి చోటు చూసుకోవలసిందే. పల్లెబడిలో నాలుగో తరగతితో ఆగిన చదువే అయినా, టేపు పట్టకుండా కంటిచూపుతో కోటు కత్తిరించిన చెయ్యి అది. జడ్జీగారి నల్లకోటు, సర్కసు ఏనుగు మీద కప్పే ముఖమల్ గుడ్డ, బ్యాండు మేళం మొత్తానికీ ఎర్ర చొక్కాలు, అన్నీ ఆ మిషను మీదే. "మీ డప్పు మీరే కొట్టుకుంటే చెయ్యి నొప్పెట్టదా?" అని లోపలి గదిలోంచి భార్య అనేది. ఆమె పోయాక ఆ మాట అనేవాళ్లు లేరు.

ఆ గొప్పల్లో చివరగా చేరింది పిల్లికూన. గుడ్డపీలికల మూటలో దొరికింది. గుప్పెట్లో ఇమిడేంత ఉందని బొత్తాం అని పేరు పెట్టాడు. చేతిలోకి తీసుకుంటే చాలు, దాని రొమ్ము సన్నగా గురగురమని అదిరేది. నిద్రలోనూ ఆగేది కాదు. "నా చేతి మహిమ. ఇంకెవరు పట్టుకున్నా ఇలా పలకదు" అనేవాడు. నిజానికి ఇంకెవరూ దాన్ని పట్టుకున్నది లేదు.

కానీ కూన ఎదగలేదు. తోక వెంట రెండు చుట్లు తిరిగితే నోరు తెరిచి రొప్పేది. ఒకరోజు మిషను కింద ఒరిగిపోతే, సంచిలో పెట్టుకుని పశువుల ఆస్పత్రికి పరుగెత్తాడు.

డాక్టరమ్మకీ చేతి మహిమ చెప్పాడు. ఆమె గొట్టం పెట్టి చాలాసేపు విని, లేచి కుళాయి తిప్పింది. నీళ్ల చప్పుడుకి చాలా పిల్లులు గురగుర ఆపేస్తాయట. బొత్తాం చెవులు వాల్చి బల్లకి అతుక్కుపోయింది. డాక్టరమ్మ వేళ్ల కింద అదురు మాత్రం ఆగలేదు.

"భయపడ్డ కూన ముద్దుగా గురగురలాడుతుందా తాతగారూ? ఇది గొంతులోది కాదు, గుండె దగ్గరిది."

స్కానింగు తీశాక విడమరిచి చెప్పింది. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తులతో పని ఉండదు గనక, రక్తం పక్కదారిన పోవడానికి గుండె దగ్గర ఒక నాళం ఉంటుంది. పుట్టాక అది మూసుకుపోవాలి. దీనికి మూసుకోలేదు. ఒంటికి పోవలసిన రక్తం మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పొర్లుతోంది. ఆ జోరే ఈ అదురు. వదిలేస్తే గుండె అలిసిపోయి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కొన్నాళ్లు మందులిచ్చి, పక్కటెముకల మధ్య తెరిచి, నాళానికి దారంతో ముడి వేయాలి. బల్ల మీదే పోయినా పోవచ్చు.

తాత ఒక్కటే అడిగాడు. "ముడి వేశాక ఈ అదురు ఉంటుందా అమ్మా?"

"ఉండదు. ఉంటే ముడి సరిగా పడనట్టే."

మందులు వేసిన ఆ రోజుల్లో తాత ఎవరికీ గొప్పలు చెప్పలేదు. బేరాలొస్తే తర్వాత రమ్మని, కూనని రొమ్ముకి ఆనించుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్లూ తనని చూసి పలికిందనుకున్నది దాని ప్రాణం కారిపోతున్న చప్పుడు. అది తెలిశాక కూడా చెయ్యి తీయబుద్ధి కాలేదు. డాక్టరమ్మ చెప్పిన రోజున తనే తీసుకెళ్లి ఆపరేషను బల్ల మీద పెట్టాడు.

బొత్తాం బతికింది. ఇంటికొచ్చాక ఒళ్లో పడుకోబెట్టి రొమ్ము మీద అరచెయ్యి వేశాడు. గుండె టకటకా కొట్టుకుంటోంది, అంతే. కుట్లు మానేసరికి దానికి ఒళ్లో నిలకడే లేదు. ఒక్క గెంతున కత్తిరింపు బల్లెక్కి, సుద్దలన్నీ దొర్లించి, కిటికీలోకి పోయి వీధికేసి కూర్చుంది.

తాత సుద్దలు ఏరి పెట్టాడు. బొత్తాం అని పిలిచాడు. అది చెవి ఒకటి ఇటు తిప్పింది గాని దిగలేదు.

మిషను ముందు కూర్చుని, గుడ్డ పెట్టకుండానే కాసేపు తొక్కాడు, ఎడమ అరచెయ్యి సన్నగా అదురుతున్న చెక్క మీద ఆనించి.