నువ్వీ విమానంలో లేవన్నయ్యా

వీధిలో అందరూ ఆమెను మిషనక్క అంటారు. ఎంత మొండికేసిన కుట్టుమిషనైనా ఆమె చేతిలో పడితే దారికి రావలసిందే. కానీ ఆమె చక్రాల కుర్చీ గుమ్మం దాటిందంటే చాలు, మిషనక్క మాయమైపోతుంది. జనం నోట ముందుగా వచ్చేది "పాపం" అన్న మాటే, అదేదో ఆమె ఇంటిపేరైనట్టు.

దూరపు నగరంలో ఒక బట్టల కంపెనీ, కొత్త మెకానిక్కులకు పని నేర్పమని ఆమెను పిలిచింది. విమానంలో ఒంటరిగా వెళ్తానంది. అన్నయ్య మాత్రం తోడు వెళ్లడానికి సెలవు కూడా పెట్టేశాడు. తెగ వాదించుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఇంట్లోనే విమానంలా కుర్చీలు వేసుకుని చూడాలి. అన్నయ్య చెయ్యి పడకుండా ఆమె సీట్లోకి మారగలిగితే ఒకటే టికెట్టు, లేదంటే రెండు.

విమానం గుమ్మం దగ్గర ఆమె కుర్చీని తీసుకెళ్లి సామాన్లలో వేసేస్తారు. లోపలికి సన్నటి కుర్చీలో ఎవరో తోసుకెళ్లాలి. దాని చక్రాలు ఆమె చేతికందవు. ఆ సంగతి తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు మండుతుంది. అయినా పాత ఆఫీసు కుర్చీకి చేతులు ఊడదీసి తనే అలాంటి సన్న కుర్చీని తయారుచేసింది. వదిన భోజనాల కుర్చీలు వరసగా వేసి మధ్యన సందు వదిలింది.

మిషనక్క ఆ సన్న కుర్చీలోంచి సీటు వైపు అలా వంగిందో లేదో, అన్నయ్య చెయ్యి చంక కిందికి వచ్చేసింది. అతను కావాలని పెట్టలేదు. చిన్నప్పటినుంచీ ఆమె వంగితే ఆ చెయ్యి దానంతటదే వస్తుంది.

"రెండు టికెట్లు," అన్నాడు నవ్వుతూ.

"నువ్వీ విమానంలో లేవన్నయ్యా. గుమ్మం అవతల నిలబడు. చేతులు జేబుల్లో పెట్టుకో."

అంతలో మంచినీళ్ల క్యాన్లు వేసే అతను వచ్చాడు. ఆమె అతన్నే లోపలికి పిలిచింది. తనను ఎన్నడూ ముట్టుకోని చేతులే ఆమెకు కావాలి. అక్కడ ఉండబోయేవి అలాంటివే.

అతను బెదిరిపోయి, "పాపం, మీకేమన్నా అయితే?" అన్నాడు.

"ముందు ఆ పాపాన్ని క్యాను పక్కన దింపి రా."

తన మోకాళ్లు ఎలా పట్టుకోవాలో చెప్పి, చేతుల మీద లేచింది. కుర్చీ సర్రున వెనక్కి జారింది. ఇన్నేళ్లూ తను లేచినప్పుడల్లా అన్నయ్య పాదం చక్రానికి అడ్డం ఉండేదని నేలమీద పడ్డాక గాని ఆమెకు తెలియలేదు. ఎవరూ ఆ మాట ఆమెకు చెప్పలేదు, ఆమె ఎవరికీ చెప్పవలసి రాలేదు.

అన్నయ్య గుమ్మంలోకి అడుగు వేశాడు.

"అక్కడే ఉండు," అంది, నేలమీద నుంచే.

వెనకనుంచి ఎలా లేపాలో నీళ్లతనికి చెప్పింది. మోకాళ్లు వదినకు అప్పజెప్పింది. మళ్లీ సన్న కుర్చీలోకి చేరాక నీళ్లతనితో, "ఇప్పుడు నీ కాలు ఆ చక్రానికి అడ్డం పెట్టు. కదిలిందో, నేనూరుకోను," అంది. చేతుల మీద లేచి, ఒక్క ఊపులో సీట్లో పడింది.

"పడ్డావుగా," అన్నాడు అన్నయ్య.

"పడ్డాను. నీ చెయ్యి పడలేదుగా. ఒకటే టికెట్టు."

అన్నయ్య జేబుల్లో పిడికిళ్లు ఇంకా బిగిసే ఉన్నాయి.

ఆమె అప్పటికే నీళ్లతని వైపు తిరిగింది. "రేపు నీతోపాటు ఇంకొకర్ని తీసుకురా. నీకంటే పిరికివాణ్ణి."