పంపుల నీలకంఠం చెవి

మల్కాపురంలో మా వీధికొచ్చి పంపుల నీలకంఠం ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు. స్టీల్‌ప్లాంటు పంపుహౌసులో ముప్పయ్యొక్క ఏళ్ళు ఫిట్టరు. స్క్రూడ్రైవరు మొన పంపు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని రోగమేమిటో చెప్పేసేవాడు. రిటైరయ్యాక వీధిలో ఎవరి మోటారు మొరాయించినా ఆయనకే కబురు. ఆయన పొద్దూ పరువూ అదే.

అలాంటివాడికి రెండేళ్ళుగా చెవులు సరిగా వినపడవు; మాటలు అందుతాయి గానీ సన్నటి చప్పుళ్ళు అందవు. ఆ సంగతి భార్య తాయారుకి ఒక్కదానికే తెలుసు. "ఇది బైటపడితే మరి నన్నెవడు పిలుత్తాడే?" అని ఆవిడ నోరు కట్టేశాడు.

కిందటి నెల ఓ ఆదివారం, పోర్టులో పనిచేసే ఉదయ్‌కుమార్ పిలిచాడు. మా వైపు గోడలకి నల్లదుమ్ము పట్టేస్తుంది కదా, అది కడగడానికి ప్రెషర్ వాషర్ కొన్నాడు. నీళ్ళు ఓసారి జోరుగా కొట్టి, అంతలోనే నీరసించి, మళ్ళీ జోరందుకుంటున్నాయి. గోడంతా చారలు.

"ఏటి బావా ఇది, దగ్గొచ్చినోడు ఉమ్మినట్టు కొడతంది?"

నీలకంఠం స్క్రూడ్రైవరు ఆనించాడు, కళ్ళు మూసుకున్నాడు. ఏమీ వినపడలేదు. అయినా తల పంకించి, "లోపల వాల్వులు అరిగిపోనాయి" అన్నాడు.

విప్పితే వాల్వులు తోమిన గిన్నెల్లా మెరుస్తున్నాయి. బిగించి ఆన్ చేస్తే మళ్ళీ అదే తంతు. నాజిల్ కన్నంలో పిన్ను పెట్టి పొడిచాడు. నీళ్ళు లోపలికెళ్ళే చోట జల్లెడ కడిగాడు. లాభం లేదు. ఉదయ్‌కుమార్ భార్య రోజారమణి గుమ్మంలోంచి, "పోనీ గాజువాక మెకానిక్కి సూపిద్దామేటి అన్నయ్యా?" అంది. మర్యాదగానే అంది గానీ నీలకంఠం మొహం మాడిపోయింది.

అప్పుడే తాయారు ఆయన్ని భోజనానికి పిలవడానికొచ్చింది. కుళాయి వచ్చేది గంటసేపే కాబట్టి ఉదయ్‌కుమార్ వాళ్ళు డ్రమ్ములోంచి మిషన్‌కి పైపు పెట్టుకున్నారు. ఆ డ్రమ్ము పక్కన నిలబడేసరికి, పైపు అతుకు దగ్గర సుయ్‌మని గాలి పీలుస్తున్న చప్పుడు ఆవిడ చెవిన పడింది. పైకంటే మొగుడి గుట్టు రట్టవుతుంది. అందుకని ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అతుకు మీద పెట్టింది.

అరచేతిని ఏదో లోపలికి లాగుతున్నట్టుంది. తడిగుడ్డ చుట్టి గట్టిగా పట్టుకున్నాడు. అటు ధార ఒకే తీరున నిలబడింది.

"సెవంటే నీదే బావా!" ఉదయ్‌కుమార్ వీధంతా వినపడేలా అరిచాడు.

నీలకంఠం క్లిప్పు బిగించి లేచాడు. "నా సెవేటి బావా, అది పోయి రెండేళ్ళైనాది. నాను ఊరికే వాల్వులు విప్పీసినాను. ఇన్నది మా తాయారు."

తాయారు నెత్తి కొట్టుకుంది. "నానింత జాగర్తగా దాత్తే, మీరే సాటింపేసీసినారు!"

"అయితే వదినా, మా మిక్సీ కూడా ఒకపాలి ఇంటావేటి?" అంది రోజారమణి నవ్వుతూ.

"ముందు ఈయన్ని అన్నం తిననీయమ్మా!"

ఇప్పుడు ఎవరింట్లో మోటారు చెడినా ఇద్దరికీ పిలుపే. ఆవిడ వింటుంది, ఆయన విప్పుతాడు. సీరియల్ వేళకి మాత్రం ఎవరూ పిలవకూడదు.