మా హౌజు నీళ్లు బర్రె తాగితేనే...

మా చిన్నప్పుడు... పసుపు ఉడికించే రోజుల్లో చేనులో మోటారు పక్కనున్న సిమెంటు హౌజే మాకు స్విమ్మింగ్ పూల్. కరెంటు రాగానే పైపులోంచి నీళ్లు దబదబా పడేవి... మా ఛాతీ దాకా నిండేవి.

ఆ హౌజుకు మా నాయనమ్మ కాపలా. కాళ్లు కడగనిదే దిగనిచ్చేది కాదు. తలకు నూనె ఉంటే వెనక్కి పంపేది. ఆ తర్వాత పసుపు తవ్వే కూలీలందరికీ వినబడేలా ఒక ప్రశ్న...

"ఒంటికి పోయచ్చిన్రా?"

ఒంటేలుకు వెళ్లొచ్చారా అని అందరి ముందు అడిగితే నాకేమో చచ్చేంత సిగ్గు. తల ఊపి ఊరుకునేదాన్ని.

"తల ఊపుతె నాకు ఇనవడదే పోరీ, నోరు తెర్వు!"

సాయంత్రం అసలు పరీక్ష ఉండేది. మా బర్రె వచ్చి ఆ నీళ్లు తాగితే మర్నాడు కూడా మాకు ఈత. తాగకపోతే హౌజు బంద్. నాయనమ్మ మాటంటే మాటే.

ఒకరోజు అందరం నీళ్లు చిమ్ముకుంటున్నాం. మా తమ్ముడు మాత్రం ఒక మూలన కదలకుండా నిలబడ్డాడు... ముఖంలో ఎంతో ప్రశాంతత.

మా మేనత్త కొడుకు, అంటే మా బావకు అనుమానం వచ్చింది. "ఏందిరా, గట్ల నిలవడ్డవ్?"

"ఏం లే బావా... నీళ్లు ఎచ్చగున్నయి."

"మోటర్ నీళ్లు ఎచ్చగెట్లుంటయిరా?"

అంతే... అందరం ఒక్క దూకున గట్టెక్కాం. బర్రె వచ్చే వేళవుతోంది. నీళ్లు మార్చడానికి కరెంటు లేదు. ఇక ఈ ఎండాకాలమంతా ఈత పోయినట్టే!

అప్పుడు బావ పెద్దమనిషిలా చెప్పాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. పసుపేస్తె అంత సాఫైతది. దెబ్బ తాకితె పెడ్తలేరా? సర్దైతె పాలల్ల ఏస్తలేరా?"

మాకు అందులో ఏ తప్పూ కనబడలేదు. పసుపు పండించే ఇళ్లలో పుట్టిన పిల్లలం మరి! పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ము కింద రాలిన పసుపు దుమ్మును గంపకెత్తి హౌజులో కుమ్మరించాం. కలవాలి కదా అని... మళ్లీ మేమే దిగి కలియతిప్పాం.

అన్నం గిన్నె నెత్తిన పెట్టుకొని వచ్చిన అమ్మ మమ్మల్ని చూసి కేక పెట్టింది. "అయ్యో అత్తమ్మా, పోరగాండ్లకు అందరికి కామెర్లైనయి! దవాఖానకు తీస్కపోదాం పా!"

నాయనమ్మ వేలు తడి చేసుకొని బావ చెంప రుద్ది, వాసన చూసింది.

"కామెర్లు కాదు. మన పసుపే."

వెళ్లి బర్రెను తోలుకొచ్చింది. అది వాసన చూసి, మూతి ముంచి, బుస్సుమని పైకెత్తింది. పచ్చటి మూతితో మమ్మల్ని ఒక చూపు చూసి... పోయింది.

"హౌజు బంద్!" అంది నాయనమ్మ.

తమ్ముడు బావురుమన్నాడు. "నేనే పోసిన నాయనమ్మా... జరంతనే!"

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోపమనుకున్నాం... భుజాలు కదులుతుంటే నవ్వని తెలిసింది. నీళ్లన్నీ మక్క చేనుకు వదిలి, మా చేతికి కొబ్బరి పీచు ఇచ్చింది. చీకటి పడేదాకా హౌజు రుద్దాం.

మర్నాడు హౌజు మళ్లీ నింపి బర్రెను తెచ్చింది. మేం గట్టు పక్కన వరుసగా నిలబడ్డాం. అది వాసన చూసింది... ఆగింది... గుటగుటా తాగింది! మా అరుపులకు పాపం బర్రే బెదిరింది.

ఆ బావే ఇప్పుడు మా ఆయన. అందుకే పేరు రాయలేదు.

మొన్న పాపను నిజామాబాద్‌లో పూల్‌కు తీసుకెళ్లాం. స్నానం చేసి దిగాలి, టోపీ పెట్టుకోవాలి, చిన్నపిల్లలను ముందే బాత్రూంకు తీసుకెళ్లాలి... గోడ మీద అన్నీ మా నాయనమ్మ మాటలే. నీళ్లు మందు వాసన కొడుతున్నాయి. మా ఆయన వంగి వాసన చూసి, నా చెవిలో మెల్లగా, "పసుపైతె ఎయ్యలే గద?" అన్నాడు.

నవ్వు ఆపుకుంటున్నానా... అంతలో పాప దూకబోయింది. నలుగురిలో నోరెత్తని నేను, ఎలా అరిచానో నాకే తెలియదు.

"ఒంటికి పోయచ్చినవా?"

పూలంతా నా వైపు తిరిగింది. పాప సిగ్గుపడి... తల ఊపింది.

ఇప్పుడు చేనులో డ్రిప్పు పైపులొచ్చాయి. హౌజు పగుళ్లిచ్చింది. బర్రె లేదు... నాయనమ్మా లేదు. ఆ గొంతు మాత్రం నాలో ఎక్కడో దాక్కుందని ఆ రోజే తెలిసింది.

మీ చిన్నప్పుడు మీ నీళ్లకు కాపలా ఎవరు? చెప్పండి మరి... తల ఊపితే నాకు వినబడదు!